పొట్ట మీద రెండు చుక్కలు

1951 జనవరి 29. బాల్టిమోర్‌లో వాన పడుతోంది. జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి బయట, పెద్ద ఓక్ చెట్టు కింద పాత బ్యూక్ కారొకటి ఆగి ఉంది. స్టీరింగు ముందు డేవిడ్ లాక్స్. కారులో ముగ్గురు పిల్లలు. వాళ్లలో ఇద్దరు ఇంకా పక్క తడిపే వయసువాళ్లే. అందరూ లోపలికి వెళ్లిన తల్లి కోసం చూస్తున్నారు.

ఆమె పేరు హెన్రియెట్టా. వయసు 30. ఐదుగురు బిడ్డల తల్లి. ఆఖరివాడికి నాలుగు నెలలు. పెద్ద కూతురు మతి ఎదగని పిల్ల, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటోంది. హెన్రియెట్టా పెరిగింది వర్జీనియాలో, తాతగారి పొగాకు చేలల్లో. మన ప్రకాశం జిల్లా రైతులు పండించే వర్జీనియా పొగాకుకు పేరిచ్చిన రాష్ట్రం అదే. నారు, ఆకు తెంపడం, ఆ ఒళ్లు నొప్పులు ఏమిటో మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. భర్తకు స్పారోస్ పాయింట్ ఉక్కు కర్మాగారంలో పని దొరకడంతో బాల్టిమోర్ పక్కన టర్నర్ స్టేషన్ అనే నల్లవాళ్ల పేటకు కాపురం మారింది.

కడుపులో ముడి పడ్డట్టుందని ఆమె ఏడాదికి పైగా వరసైన ఆడవాళ్లతో అంటూనే ఉంది. కడుపొచ్చి ఉంటుందిలే అన్నారు వాళ్లు. కడుపూ వచ్చింది, బిడ్డా పుట్టాడు. ముడి మాత్రం విడలేదు. చివరికి ఒకరోజు స్నానపు తొట్టిలో కూర్చుని వేలితో తానే తడిమి చూసుకుంది. గడ్డ తగిలింది. ఊళ్లో డాక్టరు సిఫిలిస్ అనుకుని పరీక్ష చేయించాడు. అది కాదని తేలాక హాప్‌కిన్స్‌కు వెళ్లమన్నాడు. ఇంటికి అది ఇరవై మైళ్ల దూరం. కానీ ఆ చుట్టుపక్కల నల్లవాళ్లను చేర్చుకునే పెద్దాసుపత్రి అదొక్కటే. చేర్చుకున్నా గదులు వేరు, వార్డులు వేరు, మంచినీళ్ల కుళాయి కూడా వేరు.

పరీక్ష చేసిన డాక్టర్ హోవర్డ్ జోన్స్‌కు గర్భసంచి మూతి మీద గట్టి గడ్డ కనిపించింది. నేరేడుపండు రంగు, నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే చాలు, రక్తం. అలాంటి గడ్డను తానెప్పుడూ చూడలేదని జోన్స్ తర్వాత చెప్పాడు. ఆయన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది కేస్ షీట్. కాన్పు అదే ఆసుపత్రిలో జరిగింది. కాన్పు తర్వాత ఆరు వారాలకు చేసిన పరీక్షలోనూ గడ్డ ఊసే లేదు. అయితే ఎవరో చూడకుండా వదిలేసి ఉండాలి, లేదా అది మూడు నెలల్లో అంత పెరిగి ఉండాలి. ముక్క తీసి ల్యాబ్‌కు పంపారు. జవాబు వచ్చింది: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, మొదటి దశ.

ఇంట్లో ఆమె ఎవరికీ చెప్పలేదు. పెద్ద జబ్బేం కాదు, డాక్టర్లు బాగు చేస్తారట అని మాత్రం భర్తతో అంది.

హెన్రియెట్టా లాక్స్ పేరు ఈ పాటికి చాలామంది పాఠకులకు తగిలే ఉంటుంది. ఆమె గడ్డలోంచి తీసిన కణాలు 'హీలా' అన్న పేరుతో ప్రపంచంలోని ల్యాబులన్నిటికీ చేరాయి. రెబెక్కా స్క్లూట్ 2010లో ఆమె మీద పెద్ద పుస్తకమే రాసింది. అందుకని కణాల సంగతి క్లుప్తంగా దాటేస్తాను. ఆ కణాలు జాడీలో వెళ్లిపోయాక అదే బల్ల మీద మిగిలిన మనిషికి ఆ తర్వాతి ఎనిమిది నెలల్లో ఏమైందన్నదే ఈ ఆదివారం చెప్పాలనుకున్నది.

ఫిబ్రవరి తొలి రోజుల్లో ఆమె వార్డులో చేరింది. శస్త్రచికిత్సకు అనుమతిస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టింది. మత్తిచ్చాక డ్యూటీ సర్జన్ లారెన్స్ వార్టన్ ముందు రెండు ముక్కలు కోశాడు, ఒక్కోటి చిన్న నాణెమంత. ఒకటి గడ్డ నుంచి, ఒకటి బాగున్న చోటి నుంచి. అవి జార్జ్ గై అనే పరిశోధకుడి ల్యాబ్‌కు వెళ్లాయి. ఇస్తారా అని ఆమెను అడిగినవాళ్లు లేరు. తర్వాత అసలు పని. రేడియం నింపిన సన్నని గొట్టాన్ని గర్భసంచి మూతిలోకి దూర్చి కుట్టేశాడు. ఇంకొన్ని గొట్టాలున్న చిన్న గుడ్డసంచిని మూతి బయటివైపు అమర్చి, కదలకుండా గాజుగుడ్డ కుక్కాడు. రోగి బాగా తట్టుకుంది, మంచి స్థితిలో బయటికి వెళ్లింది అని రికార్డులో రాశాడు.

రేడియం పిచ్చి వైద్యమేమీ కాదు, ఆనాటికి అదే మంచి వైద్యం. 1898లో క్యూరీ దంపతులు కనుక్కున్న ఆ లోహాన్ని ఇదే హాప్‌కిన్స్‌కు చెందిన హోవర్డ్ కెల్లీ కొంత జేబులో వేసుకుని అమెరికా తెచ్చాడని చెప్పుకుంటారు. గర్భసంచి మూతి క్యాన్సర్‌లో కత్తి కంటే రేడియమే క్షేమమని 1940ల నాటి అధ్యయనాలు తేల్చాయి. దాని లెక్క సులువు. రేడియం ఒంట్లో తగిలిన ప్రతి కణాన్నీ దెబ్బ కొడుతుంది. వేగంగా విభజన చెందే కణం ఆ దెబ్బకు త్వరగా పడిపోతుంది. క్యాన్సర్ కణం అలాంటిదే. పేగు లోపలి పొర, చర్మం, అండాశయం కూడా కొంత అలాంటివే కావడం దగ్గర చిక్కు వస్తుంది. రేడియానికి తన, పర తెలియదు. దాన్ని వెలికితీసిన మేరీ క్యూరీనే 1934లో రక్తం పుట్టించే మజ్జ పాడైపోయి చనిపోయింది.

కొద్ది రోజులకు గొట్టాలు తీసి హెన్రియెట్టాను ఇంటికి పంపారు. రెండు వారాలు దాటాక మళ్లీ పిలిచి మళ్లీ రేడియం పెట్టారు. గడ్డ కరిగిపోయింది. డాక్టర్లకు వేలితో తడిమితే ఏమీ తగల్లేదు. వైద్యం పనిచేసిందనే అందరూ అనుకున్నారు. ఎక్కడైనా ఒకటీ అరా కణం మిగిలి ఉంటుందేమో అన్న ముందుజాగ్రత్తగా ఎక్స్‌రే చికిత్స రాశారు. వారానికి ఐదు రోజుల చొప్పున నెల పాటు.

చుక్కలు పెట్టింది అప్పుడే. పొట్ట మీద, గర్భసంచికి ఎగువన, అటొకటి ఇటొకటి, నల్ల సిరాతో. కిరణం రోజూ ఒకే చోటికి గురి కుదరాలి. చర్మం మరీ ఒకేచోట కాలిపోకుండా ఇవాళ ఈ చుక్క, రేపు ఆ చుక్క. ఇవాళ మన ఆసుపత్రుల్లో రేడియేషన్ గది బయట కూర్చున్న ఏ పేషంటునైనా అడగండి, ఒంటి మీది గీతలు చెరిగిపోకుండా స్నానం ఎలా చేయాలో చెప్తారు. ఆ గీతలు ఈ చుక్కల వారసులే.

నెల రోజుల పాటు రోజుకింత అన్న పద్ధతి వెనక ఒక పొట్టేలు కథ ఉంది. 1920లలో పారిస్‌లో క్లాడియస్ రెగో అనే డాక్టరు పొట్టేళ్ల వృషణాల మీద ఎక్స్‌రేలు పడేసి చూశాడు. మోతాదంతా ఒక్కసారే ఇస్తే చర్మం కాలి పుండైపోతోంది, అయినా సంతానశక్తి పూర్తిగా పోవడం లేదు. అదే మోతాదును రోజుల మీద పంచి ఇస్తే చర్మం నిలిచింది, సంతానశక్తి పోయింది. ఎడతెగకుండా విభజన చెందే బీజకణాలను ఆయన క్యాన్సర్ కణాలకు మారుగా తీసుకున్నాడు. ఆయన తోటి డాక్టరు హెన్రీ కుటార్ ఆ సూత్రాన్నే గొంతు క్యాన్సర్లకు పట్టించాడు. రోజువారీ మోతాదుల రేడియేషన్ అక్కణ్ణుంచి మొదలైంది. సంతానశక్తిని ఎలా పోగొట్టాలో చూడబోయి కనుక్కున్న పద్ధతన్నమాట. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఎక్స్‌రేలు మొదలయ్యేసరికి హెన్రియెట్టా దాపరికం సాగలేదు. రోజూ ఆసుపత్రికి ఎవరో ఒకరు దింపాలి. అందుకే వరసైన ఆడవాళ్లిద్దరికి చెప్పింది. ఒకామె ఇల్లు ఆసుపత్రికి కొన్ని వీధుల అవతలే. చికిత్స అయ్యాక అక్కడికి నడిచి వెళ్లి, కర్మాగారంలో షిఫ్టు దిగి భర్త వచ్చేదాకా కూర్చునేది. మొదటి వారం పది రోజులూ పేకాట, కబుర్లు. కాస్త నీరసం తప్ప తేడా లేదు. రేడియేషన్ తత్వమే అంత. దెబ్బ తగిలిన రోజు నొప్పి ఉండదు, తగిలిన కణాలు విభజన చెందాల్సిన రోజు వచ్చినప్పుడు బయటపడుతుంది.

ఒకరోజు ఆ వరసైనవాళ్ల ముందు చొక్కా ఎత్తి చూపింది. రొమ్ముల కింది నుంచి పొత్తికడుపు దాకా చర్మం తారు పూసినట్టు నల్లగా మాడిపోయి ఉంది. మిగతా ఒళ్లంతా మామూలు రంగే. ఆ నలుపు లోపలికీ పాకుతున్నట్టుందని చెప్పింది.

లోపలేం జరిగిందో కంటితో చూసి చెప్పలేం. బయట మాత్రం ఎందుకలా కాలిందో చెప్పొచ్చు. ఆ రోజుల్లో ఆసుపత్రుల్లో మామూలుగా వాడే ఎక్స్‌రే యంత్రాలు రెండు రెండున్నర లక్షల వోల్టులవి. ఆ కిరణాలకు దూరం వెళ్లే శక్తి చాలదు. బలమంతా పైచర్మం మీదే దిగిపోతుంది. గర్భసంచి దాకా తగినంత చేరాలంటే పైచర్మం అంతకు రెట్టింపు మోయాలి. పొయ్యి మీద మందపాటి పెనం పెట్టి, పైన పెసరట్టు కాలేలోపు పెనం అడుగు ఎర్రబారడం లాంటిది. మన ఊళ్లలో రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అంటారు. కరెంటు పెడితే ఒళ్లు కాలిపోతుందట అని చెప్పుకునే భయం ఉత్త పుకారని కొట్టిపారేయకండి. ఆ భయం వెనక ఇలాంటి యంత్రాలు నిజంగా ఉండేవి.

రికార్డులో ఇంకో వాక్యం ఉంది. నేను ఈ కథ రాయడానికి కారణం అదే. ఇకపై పిల్లలు పుట్టరని రోగికి చెప్పాం, ముందే చెప్పి ఉంటే ఈ చికిత్సకు ఒప్పుకునేదాన్ని కాదని అంటోంది, అని దాని సారాంశం. గర్భసంచి, అండాశయాలు రెండూ కిరణాల దారిలోనే ఉన్నాయి. సంతానశక్తి పోతుందని డాక్టర్లకు ముందే తెలుసు, చెప్పడం ఆ ఆసుపత్రిలో పద్ధతే. ఈమె దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఎక్కడో జారిపోయింది. ఐదుగురు పిల్లలున్నారు కదా, ఆరోవాడు ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సింది ఆమెను, చికిత్సకు ముందు. అప్పుడు ప్రాణం దక్కించుకోవడానికి సరే అనేదేమో, లేక నిజంగానే లేచి వెళ్లిపోయేదేమో. ఆమె ఏమనేదో డాక్టర్లకు తెలిసే వీలు లేకుండా చేసింది ఆ మౌనం. నా మట్టుకు నాకు మాడిన చర్మం కన్నా ఇదే పెద్ద దుష్ఫలితంగా కనిపిస్తుంది.

ఇవాళ అదే జబ్బుకు మన దగ్గర వైద్యం మొదలుపెట్టేముందు ఏం చెప్పాలో రాసుకుంటే పేజీ నిండుతుంది. సాధారణంగా ఐదు వారాలు బయటి నుంచి రేడియేషన్, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు సెలైన్‌లో, ఆ తర్వాత లోపల గొట్టం పెట్టి ఇచ్చే రేడియేషన్. రేడియం పోయి ఇరిడియం, కోబాల్ట్ వచ్చాయి కానీ గొట్టం అలాగే ఉంది. రెండో వారం దాటాక విరేచనాలు, మూత్రంలో మంట, పడుకుంటే తీరని అలసట. ఇవి చికిత్స ఆగిన కొన్ని వారాలకు తగ్గుతాయి. ముట్లు ఇంకా నిలవని ఆడవాళ్లకు అవి ఆగిపోతాయి. కొందరికి ముందే చిన్న ఆపరేషన్ చేసి అండాశయాలను కిరణాల దారి నుంచి పైకి జరుపుతారు. ఇక మొగుడూ పెళ్లాల మధ్య విషయం. యోని మార్గం బిగుసుకుపోతుంది, దానికి సాధనం ఉంది, అభ్యాసం ఉంది. మన వార్డుల్లో ఆ మాట ఎత్తడానికి నర్సుకూ సిగ్గే, పేషంటుకూ సిగ్గే. ఏడాదికో రెండేళ్లకో విరేచనంలో రక్తం పడితే క్యాన్సర్ తిరగబెట్టిందని ఇల్లంతా ఏడుస్తారు. చాలాసార్లు అది రేడియేషన్‌కు పేగు లోపొర దెబ్బతిన్న గుర్తు, దానికి మందుంది. డాక్టరుకు చూపించుకోవాలి, అంతే. మొదటి దశలో పట్టుకుంటే ఇలా రేడియేషన్‌తోనే బతికి బట్టకట్టేవాళ్లే ఎక్కువ. హెన్రియెట్టాదీ మొదటి దశే. అయినా ఆమె ఆ ఎక్కువమందిలో లేకపోయింది.

జూన్‌లో ఆసుపత్రికి వెళ్లి నొప్పిగా ఉంది, జబ్బు తిరగబెట్టినట్టుందని చెప్పింది. పరీక్షించి, జబ్బు ఆనవాలు లేదని రాశారు. ఆమె మళ్లీ మళ్లీ అదే మాట చెప్పింది. తన ఒంట్లో పాకుతున్నదేదో ఆమెకు తెలుస్తోంది, వేలికి మాత్రం తగలడం లేదు. కొన్ని వారాల్లోనే తగిలింది. కటి ఎముక గోడకు అంటుకుపోయిన గడ్డ, కత్తికి లొంగేది కాదు. ఆగస్టు 8న వార్డులో చేరిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు.

నొప్పి తగ్గుతుందేమోనని అదే చర్మం మీద మళ్లీ ఎక్స్‌రేలు పెట్టారు. తగ్గలేదు. మార్ఫిన్ ఇచ్చారు, వెన్నులోకి ఆల్కహాల్ ఎక్కించారు. మూత్రం దారి మూసుకుపోయి, కిడ్నీలు విషం వడకట్టలేక రక్తం చెడిపోతుంటే సీసాలకు సీసాలు రక్తం ఎక్కించారు. ఆమె ఇంట్లో అన్నం తిని, ఆమె ఇంటి నేల మీద పడుకుని, పట్నంలో నిలదొక్కుకున్న కుర్రాళ్లు కొందరు ఉక్కు కర్మాగారం నుంచి వచ్చి వరసగా చేతులు చాపారు.

డేవిడ్ పిల్లల్ని ఆసుపత్రి వెనక పచ్చిక మీదికి తెచ్చి ఆడించేవాడు. పై అంతస్తు కిటికీ దాకా ఈడ్చుకుంటూ వచ్చి, అద్దానికి చేతులానించి ఆమె చూసేది. కొన్నాళ్లకు కిటికీ దాకా రావడానికీ ఆమెకు శక్తి లేకపోయింది.

అక్టోబర్ 4, అర్ధరాత్రి దాటి పావుగంటకు ప్రాణం పోయింది. వయసు 31. శవపరీక్షలో పొట్ట నిండా తెల్లటి ముత్యాల్లాంటి గడ్డలు. కిడ్నీలు, మూత్రాశయం, అండాశయాలు, గర్భసంచి వేటికవి గుర్తు పట్టలేనంతగా నిండిపోయి ఉన్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత జోన్స్, ఆయన సహచరులు పాత స్లైడు తీసి మళ్లీ చూస్తే తేలింది, మొదట రాసుకున్న రకం క్యాన్సర్ కాదది. గ్రంథి కణాల్లో పుట్టేది, ఒళ్లంతా తొందరగా పాకేది. తెలిసి ఉన్నా 1951లో ఆ రకానికీ ఇదే రేడియం, ఇవే ఎక్స్‌రేలు.

ఆమె పోయిన ఇరవై మూడో రోజున, అక్టోబర్ 27న, కెనడాలోని లండన్ అనే ఊళ్లో ఒక రోగిని కొత్త యంత్రం కింద పడుకోబెట్టారు. అందులో ఉన్నది కోబాల్ట్-60. పాత ఎక్స్‌రేల కన్నా ఎన్నో రెట్లు శక్తి గల దాని కిరణాలు చర్మాన్ని దాటేసి, పూర్తి బలం చర్మం కింద అరసెంటీమీటరు లోతు నుంచి మొదలుపెడతాయి. మరి పన్నెండు రోజులకు, నవంబర్ 8న, అదే దేశంలోని సస్కటూన్‌లో హెరాల్డ్ జాన్స్ బృందం కట్టిన ఇంకో కోబాల్ట్ యంత్రం కిందికి మొదటి పేషంటు వచ్చింది. వయసు 43, నలుగురు బిడ్డల తల్లి. గర్భసంచి మూతి క్యాన్సర్, అప్పటికే ముదిరింది. ఆమె ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా బతికింది. నేనీ తేదీలన్నీ పక్కపక్కన రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. కోబాల్ట్ ఉన్నా హెన్రియెట్టా బతికేదని ఎవరూ అనలేరు. పొట్ట మాత్రం అలా మాడేది కాదు.

1950ల మధ్యకు వచ్చినా ఒక చిన్న ప్రశ్నకు జవాబు లేదు. ఒక్క మనిషి కణాన్ని చంపడానికి ఎంత రేడియేషన్ కావాలి? డాక్టర్లు అనుభవం మీద, కాలిన చర్మం ఎరుపు చూసి మోతాదు నిర్ణయిస్తున్నారు. డెన్వర్‌లో థియోడర్ పక్, ఫిలిప్ మార్కస్ అనే ఇద్దరు గాజుపళ్లేల్లో మనిషి కణాలను ఒక్కొక్కటిగా విడదీసి పరిచే విద్య పట్టుకున్నారు. ఒక్కో పళ్లేన్ని ఒక్కో మోతాదు ఎక్స్‌రే కింద పెట్టి తీసి, రెండు వారాలు ఆగి, ఎన్ని కణాలు మళ్లీ పిల్లలు పెట్టి గుంపుకట్టాయో లెక్కపెట్టారు. వేల రాంట్‌జెన్‌లు (అప్పటి ఎక్స్‌రే కొలమానం) కావాలనుకున్న చోట దాదాపు వంద చాలునని తేలింది. ఇంకొకటీ కనిపించింది. దెబ్బతిన్న కణాల్లో చాలా వెంటనే చావలేదు. తింటూ, ఉబ్బుతూ, మామూలు కణానికి ఎన్నో రెట్లు పెరిగి బతికే ఉన్నాయి. పిల్లలు పుట్టే శక్తి మాత్రం పోయింది. ఏ మోతాదుకు ఎన్ని కణాలు మిగిలాయో చూపుతూ 1956లో అచ్చయిన వక్రరేఖే రేడియేషన్ వైద్యం చదివే వాళ్లకు ఇవాళ్టికీ మొదటి పాఠం.

పళ్లేల్లో పరిచినవి హీలా కణాలు. మోతాదు బాగా పెంచిన చోట కూడా, ఒకటీ అరా పళ్లెంలో ఏదో మూల ఒక గుంపు మిగిలేది.